రెండోవైపు తిప్పి చూడమంది అమ్మమ్మ

కరీబియన్ దీవి గ్వాడెలూప్‌లో మా విహార ఓడ ఆగింది శనివారం నాడు. ఉదయం ఎనిమిదికల్లా ప్వాంత్-ఆ-పీత్ర్ రేవుకి చేరాం. సాయంత్రం నాలుగున్నరకి మళ్ళీ ఓడెక్కాలి. పిల్లలిద్దరూ ముందు రోజు రాత్రే బీచి సంచి సర్ది పెట్టుకున్నారు. ఆ సంచి గదిలోనే వదిలేయమన్నాను. పదమూడేళ్ళ మావాడి మొహం మాడిపోయింది. తొమ్మిదేళ్ళ చిన్నది ఏడుపొక్కటే తక్కువ.

అప్పటికి ఆ వారంలో మూడు రేవులు చూశాం. గేటు దాటితే నగల షాపులు, వాటి పక్కన టీషర్టులు, ఆ పక్కన సెంట్లు. పేర్లు చెప్పకపోతే ఏది ఏ ఊరో గుర్తుపట్టలేం. ఆ ఊళ్ళలో బతికేవాళ్ళు అక్కడ ఒక్క వస్తువు కూడా కొనుక్కోరు. పిల్లలకి లోకం చూపిస్తున్నామనుకుంటూ ఒకే అంగడిని మూడుసార్లు చూపించామనిపించి నాకు మనసు పాడైంది. ఆ బాధ ఒకటైతే, ఈ ఊరి విషయంలో నాకు సొంత కారణం ఇంకొకటి ఉంది.

మాది వేటపాలెం. మా నాన్న గుంటమగ్గం మీద రుమాళ్ళు నేసేవారు. చీరాల చుట్టుపక్కల ఊళ్ళకి అది పాత వృత్తి. గజం చదరం గళ్ళ రుమాలు, ఒకదాని వెంట ఒకటి తానుగా నేసి ఇచ్చేవారు. అంతకు ముందు తరాల వాళ్ళు నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి తేలియా రుమాళ్ళు నేసేవారట. నాన్న కాలానికి అదంతా తగ్గి, మామూలు గళ్ళవే ఎక్కువ. షావుకారు మనిషి వచ్చి తానులు పట్టుకెళ్ళేవాడు. "ఫారిన్‌కి పోతాయి" అనేవాడు, అంతే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఇంట్లో నేసిన ఆ గుడ్డని మాలో ఎవ్వరం కట్టుకోలేదు. మా వీధిలో కట్టుకున్నవాళ్ళనీ చూడలేదు.

చాలా ఏళ్ళ తర్వాత న్యూజెర్సీలో కూర్చుని వెతికితే తెలిసింది. బయట దేశాల్లో దాన్ని మద్రాసు రుమాలు అంటారు. నాన్న రోజుల్లో ఎక్కువ సరుకు నైజీరియా వైపు పోయేది. అంతకు వందేళ్ళ పైమాటే, కోరమాండల్ తీరం, అంటే మన తూర్పు తీరం, గళ్ళ బట్ట ఈ కరీబియన్ దీవులకి చేరి, ఆడవాళ్ళ తలపాగాగా స్థిరపడిపోయింది. గ్వాడెలూప్, మార్టినిక్ దీవుల్లో పండగ బట్టంటే నేటికీ అదే. పేరు కూడా "మద్రాస్" అనే.

ఇదంతా పిల్లలకి ముందే చెప్పాను. "ఊఁ" అన్నారు. నేను చెప్పే చాలా సంగతులకి వాళ్ళ జవాబు అదే. ఆదివారం తెలుగు క్లాసు, సంక్రాంతి ముగ్గు, అమ్మమ్మతో ఫోను, అన్నిటికీ "ఊఁ". తప్పు వాళ్ళదని నేననను. వేటపాలెంలో నాకు తిండీ గాలీ అయినవి వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి హోంవర్క్ అయిపోయాయి. అందుకే ఈసారి చెప్పడం ఆపేసి, గుడ్డ ఉన్నచోటికే తీసుకెళ్దామనుకున్నాను.

ఆ రేవు ఊరి నడిబొడ్డునే ఉంటుంది. బస్సు, టాక్సీ ఏమీ అక్కర్లేదు. పది నిమిషాలు నడిస్తే కూరగాయల బండ్లు, బేకరీ ముందు క్యూ, చెక్క బాల్కనీల పాత మేడలు కనిపించాయి. మేడల్లో కొన్నిటికి రంగు పెచ్చులూడిపోయింది, కొన్నిటికి తాళాలు. "ఇది ఫ్రాన్సా?" అని మావాడు రెండుసార్లు అడిగాడు. అవును, 1946 నుంచి ఇది ఫ్రాన్స్‌లో ఒక జిల్లా లాంటిదే. ఖర్చు పెట్టేది యూరోలు, బోర్డులన్నీ ఫ్రెంచి, మాటలు క్రియోల్ అనే అక్కడి భాష.

సేంట్ ఆంత్వాన్ మార్కెట్ ఇనప కప్పు కింద ఉంటుంది, చుట్టూ తెరిచే ఉంటుంది. ఊరివాళ్ళు దాన్ని మసాలా మార్కెట్ అంటారు. లోపలికి అడుగుపెట్టగానే చిన్నది ఆగిపోయింది. "అమ్మా, అమ్మమ్మ డబ్బా వాసన!" అంది. పసుపు, ధనియాలు, ఆవాలు, మెంతులు కలిపి దంచిన పొడి అది. దాన్ని కొలొంబో అంటారు. మేకమాంసంలోనో కోడికూరలోనో వేస్తారు. ఆ దీవిలో ఎవరింట్లోనైనా దొరికే కూరే.

మావాడు నేరుగా ఒక దుకాణం ముందుకెళ్ళి, గుడ్డలు చూపించి ధరెంతని ఇంగ్లిషులో అడిగాడు. దుకాణంలో పెద్దావిడ ఉంది, అరవై దాటి ఉంటాయి. తలకి పసుపు-ఎరుపు గళ్ళ గుడ్డ చుట్టుకుంది. ఆవిడ జవాబివ్వలేదు. చిన్నగా నవ్వి, "బొంజూర్" అంది. మావాడు మళ్ళీ ధర అడిగాడు. ఆవిడ మళ్ళీ "బొంజూర్" అంది. చిన్నదానికి ముందు అర్థమైంది, "బొంజూర్ మదామ్" అంది. అప్పుడు ఆవిడ బల్ల వెనక నుంచి ఇవతలికొచ్చి దాని బుగ్గ పట్టుకుంది. పలకరించకుండా పని అడగకూడదు అక్కడ. మా ఊళ్ళోనూ అంతే కదా, "ఏమ్మా, బాగున్నావా" అన్నాకే కొట్లో ఉప్పు అడిగేవాళ్ళం. ఈ సంగతి నేను మావాడికి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఆ రోజు తర్వాత వాడు ఏ కొట్టుకెళ్ళినా ముందు బొంజూర్ అన్నాడు.

ఆవిడకి ఇంగ్లిషు కొంచెం వచ్చు. తలగుడ్డ కట్టే తీరు చూపించింది. పైకి ఒక కొస నిలబెడితే మనసు ఖాళీగా ఉందని, రెండు కొసలైతే మనసు ఇచ్చేశానని, మూడైతే పెళ్ళయిందని. నాలుగైతే ఏమిటో ఆవిడ చెప్పబోయి, పిల్లల్ని చూసి ఆపేసింది. చిన్నదానికి ఒకే కొస పెట్టి కట్టింది. అద్దంలో చూసుకుంటూ అది "మనకి మెట్టెల్లాగానా?" అని అడిగింది. ఆ పోలిక నాకైతే తట్టలేదు.

అప్పుడు మా అమ్మకి వీడియో కాల్ చేశాను. మాకు పది, వేటపాలెంలో రాత్రి ఏడున్నర. అమ్మ మొదట మనవరాలి తలగుడ్డ చూసి నవ్వింది. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని, ఫోను దగ్గరికి తెచ్చుకుంది.

"నాయనా, ఆ గుడ్డ రెండోవైపు తిప్పి చూపించు" అంది మావాడితో.

వాడు బల్ల మీదున్న ఒక గుడ్డ తిప్పాడు. వెనకవైపు రంగు వెలిసినట్టు పాలిపోయి ఉంది.

"అది అద్దకం. పైన రంగు అద్దారంతే. నేసిన గళ్ళయితే రెండువైపులా ఒక్కలాగే ఉంటాయి. ఎందుకుంటాయో చెప్పు?"

వాడు ఆలోచించాడు. "దారానికే రంగు ఉంటుంది కాబట్టా?"

"అదీ! పడుగులో ఏ రంగు, పేకలో ఏ రంగు అని ముందే లెక్కేసుకుంటాం. మీ తాతయ్య ఆ లెక్క తప్పడం నేను చూళ్ళేదు."

దుకాణం ఆవిడకి మాట అర్థం కాకపోయినా, వాడు గుడ్డ తిప్పడం చూసి విషయం అర్థమైంది. గట్టిగా నవ్వి, బల్ల కింద నుంచి ఇంకో కట్ట తీసింది. ఎరుపు, నారింజ, మధ్యలో సన్నటి నల్ల గీత. వాడే తిప్పి చూశాడు. రెండువైపులా ఒక్కలాగే ఉంది. గోటితో దారాన్ని గీకి, ఫోనుకి దగ్గరగా పట్టుకున్నాడు. "ఇది నేసిందే. మరమగ్గం నేత. ఎక్కడిదో చెప్పలేను గానీ నేసిందే" అంది అమ్మ. తర్వాత కాసేపు మాట్లాడలేదు. ఫోను పట్టుకున్న చెయ్యి వణుకుతోందేమో, బొమ్మ కదిలింది.

"ఇన్నేళ్ళు నేశాం కదమ్మా. కట్టుకున్న మనిషిని ఇవాళే చూడ్డం" అంది.

ఈ మాట మావాడు దుకాణం ఆవిడకి ఇంగ్లిషులో చెప్పాడు. వాడు తెలుగు నుంచి ఇంకొకరికి అనువదించి చెప్పడం నా ఎరుకలో అదే మొదటిసారి. ఆవిడ ఫోను అందుకుని, తల వంచి, తన తలగుడ్డ అన్ని వైపుల నుంచీ అమ్మకి చూపించింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఐదు నిమిషాలు మాట్లాడుకున్నారు.

తన నాయనమ్మ కూడా ఇండియా వాళ్ళ పిల్లేనని ఆవిడ చెప్పింది. ఆ దీవిలోనే కాపెస్తేర్ అనే ఊరి వైపు వాళ్ళట. అక్కడ పెద్ద గుడి ఉంది, మరియమ్మని కొలుస్తారు. ఓడ టైముకి భయపడి మేం వెళ్ళలేకపోయాం. ఆ బాధ ఇంకా ఉంది.

దీవిలో బానిసత్వం 1848లో పోయింది. చెరకు తోటలకి కూలీలు కావాల్సొచ్చి, 1854 డిసెంబరులో ఔరేలీ అనే ఓడలో మొదటి భారతీయుల్ని తెచ్చారు, ఈ ప్వాంత్-ఆ-పీత్ర్ రేవుకే. 1889 దాకా సుమారు 42 వేలమంది వచ్చారు. దక్షిణాది వాళ్ళలో తమిళులే ఎక్కువ. అక్కడ రామసామి, వీరపిన్, గోవిందిన్ లాంటి ఇంటిపేర్లు నేటికీ మామూలే. దిగినవాళ్ళు తమ పేరో నాన్న పేరో చెబితే, ఫ్రెంచి గుమాస్తాకి ఎలా వినపడితే అలా రాసుకున్నాడు. అదే ఇంటిపేరుగా నిలిచిపోయింది.

"మళ్ళీ సరిచేయించుకోలేదా?" అని అడిగాడు మావాడు. వాడి పేరులో నాలుగక్షరాలుంటే, బడిలో పలకలేక ఒక్క అక్షరం మిగిల్చారు. ఐదో క్లాసు నుంచి వాడూ అలాగే పరిచయం చేసుకుంటున్నాడు. నేను ఏనాడూ ఒత్తిడి చేయలేదు, అలాగని బాధపడకుండానూ లేను. వాడికి ఆన్రీ సిదంబరం కథ చెప్పాను. కాపెస్తేర్‌లో పుట్టిన కూలీల బిడ్డ ఆయన. అక్కడ పుట్టినా భారతీయుల పిల్లలకి ఓటు లేదంటే, 1904లో న్యాయపోరాటం మొదలుపెట్టి 1923కి గెలిచాడు. పంతొమ్మిదేళ్ళు! ఆ పేరు అలాగే ఉంచుకుని గెలిచాడు. మావాడు ఏమీ అనలేదు. కానీ ఈసారి "ఊఁ" కూడా అనలేదు.

మధ్యాహ్నం మెమోరియల్ ఆక్ట్‌కి నడిచాం. పాత దార్బూసియే చక్కెర ఫ్యాక్టరీ స్థలంలో 2015లో తెరిచిన బానిసత్వ స్మారక మ్యూజియం అది. నల్లటి పెద్ద పెట్టెని వెండి రంగు చెట్టు వేళ్ళు చుట్టుకున్నట్టు ఉంటుంది. చిన్నదానితో ఎక్కువసేపు ఉండలేక మా ఆయన దాన్ని బయటికి తీసుకెళ్ళారు. మేమిద్దరం ఉండిపోయాం. ఒకసారి 1794లో రద్దు చేసిన బానిసత్వాన్ని 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడని చదివి మావాడు నమ్మలేకపోయాడు. "ఇచ్చేసింది వెనక్కి తీసుకున్నారా?" అన్నాడు.

అక్కడే వాడికి ఇంకో నిజం చెప్పాల్సొచ్చింది. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి యూరప్ వ్యాపారులు ఇచ్చిన సరుకుల్లో భారతీయ బట్ట చాలా ఉంది. కోరమాండల్ తీరం బట్ట కూడా ఉంది. దాచేస్తే పొద్దున మార్కెట్‌లో చూసిన సంతోషం సగం అబద్ధమయ్యేదని నాకనిపించింది.

"నేసినవాళ్ళకి తెలుసా?"

"తానుకి ఎంత కూలి వస్తుందో అది తెలుసు. ఎక్కడికి పోతుందో చెప్పేవాళ్ళు లేరు. తాతయ్యకీ చెప్పలేదుగా."

"తెలిస్తే మానేసేవాళ్ళా?"

జవాబు నా దగ్గర లేదు. లేదనే చెప్పాను. ఇద్దరం ఆ వేళ్ళ కింద మెట్ల మీద కూర్చున్నాం. నాతో ఫోను చూడకుండా వాడు అంతసేపు కూర్చుని చాలా రోజులైంది.

బీచికి వెళ్ళలేదని ఓడెక్కాక చిన్నది గుర్తుచేసి ఏడ్చింది. నిజమే, పిల్లల సెలవు కూడా సెలవే. మర్నాడు రోజంతా నీళ్ళలోనే వదిలేశాం.

ఇంటికొచ్చిన నాలుగో రోజు మా అమ్మ ఫోటో పంపింది. ట్రంకు పెట్టె అడుగున నాన్న నేసిన రుమాలు ముక్క ఒకటి దొరికిందట. తాను చివర కోసేయగా మిగిలింది, జానెడు ఉంటుంది. ఎర్ర గళ్ళు, నల్ల గీత, ఒక అంచున విడిపోయిన పడుగు దారాలు. మావాడు ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి, దారం దారం చూశాడు. తర్వాత నా ఫోను తీసుకుని అమ్మమ్మకి తనే వాయిస్ మెసేజ్ పెట్టాడు, తెలుగులో:

"అమ్మమ్మా, రెండోవైపు కూడా పంపించు."