అనంతపురం ఎండలో బ్రెడ్డు: నా అనుభవం

అరకేజీ మైదా, 300 మిల్లీలీటర్ల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, పది నిమిషాల పిసుకుడు. చిన్న ముద్దను వేళ్లతో సాగదీస్తే చిరక్కుండా, వెలుతురు కనపడేంత పలచని పొర వచ్చింది. అంతవరకు ఏ ఇబ్బందీ లేదు.

పరువు పోయింది పిండి పొంగే దగ్గరే. రెసిపీలో ఈస్ట్ 7 గ్రాములు, ‘వెచ్చని చోట గంటన్నర’ అని ఉంది. ఏప్రిల్‌లో అనంతపురంలో వెచ్చగా లేని చోటేదో ఆ రాసినవాళ్లే వచ్చి చూపించాలి! నలభై నిమిషాలకే పిండి గిన్నె అంచు దాటింది. కళ్లు చెప్తున్నా వినకుండా కాగితాన్ని నమ్మా. గంటన్నరకు నడుమ కుంగి కల్లు వాసన కొట్టింది. ఓవెన్‌లో లేవలేదు, రంగూ రాలేదు. పిండిలోని చక్కెరంతా ఈస్ట్ ముందే తినేస్తే ఎర్రబడ్డానికి ఏం మిగులుతుంది? గాలిని పట్టుకునే జిగురు కూడా సాగి సాగి సడలిపోయింది.

ఆ కోపంతో రెండోసారి కొలతలే వద్దనుకున్నా. జొన్నరొట్టె కొట్టేటప్పుడు కాటా ఎవరు చూస్తారు? కానీ జొన్నరొట్టెలో ఈస్ట్ లేదు కదా. ఉప్పు చెయ్యి జారింది, ఈస్ట్ మందగించింది, పిండి కదల్లేదు.

ఇప్పుడు ఉప్పు, ఈస్ట్ కొలతతోనే. ఎండాకాలం అరకేజీకి ఈస్ట్ 2 గ్రాములు చాలు. వంటింటి కాటా అంత తక్కువను సరిగా చూపదు. తలకొట్టిన టీస్పూన్ 3 గ్రాములు, అందులో మూడింట రెండు వంతులు వేయండి. నీళ్లు ఫ్రిజ్‌వే. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం ముట్టుకుంటే తెలుస్తుంది ఎందుకో. ఎన్ని నీళ్లన్నది మాత్రం చేతికే వదిలేయాలి. చక్కీలో ఆడించిన గోధుమపిండి అయితే 350 దాకా తాగుతుంది. జొన్నపిండి ఐదో వంతు మించితే ఇటుకే, దానికి జిగురు లేదు.

టైమ్ చూడాల్సింది వేలితో. టిన్నులో పొంగిన పిండిలో అరంగుళం గుచ్చి తీయండి. గుంత నిదానంగా సగం పూడితే ఓవెన్‌లోకి. వెంటనే పూడితే ఇంకా ఆగాలి. అసలు పూడకపోతే దాటిపోయినట్టు. పారేయకండి, గాలి తీసి మళ్లీ ముద్ద చేసి పెట్టండి.

200 డిగ్రీలు, 35 నిమిషాలు. అడుగున తడితే డొల్ల మోత రావాలి. గంట చల్లారకుండా కోస్తే లోపల జిగటగా ముద్దవుతుంది. ఇంట్లోవాళ్లు ఆగరు, కత్తి దాచిపెట్టండి.