రాత్రి అన్నం మాన్పిస్తే పాప ఆలస్యంగా పెద్దమనిషవుతుందా?

తొమ్మిదేళ్ల పాపకి రొమ్ము దగ్గర చిన్న గడ్డలా తగలగానే విజయవాడ తల్లులు చాలామంది ముందు చేసేది రాత్రి అన్నం మాన్పించడం. అది అనవసరం. ఎనిమిది నిండకముందే కనిపిస్తే తొందరగా వచ్చినట్టు. తొమ్మిదికి వస్తే మామూలే. అక్కడినుంచి మొదటి నెలసరికి సుమారు రెండు, రెండున్నరేళ్లు పడుతుంది.

తిండికీ ఈడేరడానికీ సంబంధం ఉన్నమాట నిజమే. ఒంట్లో కొవ్వు నిల్వలు ఎంతున్నాయో కొవ్వు కణాల్లో తయారయ్యే లెప్టిన్ అనే హార్మోను మెదడుకి తెలియజేస్తుంది. అది చాలినంత ఉంటేనే హైపోథాలమస్ అనే మెదడు భాగం ఈడుని మొదలుపెట్టే జీఎన్‌ఆర్‌హెచ్ హార్మోనుని విడతలుగా వదులుతుంది. పుట్టుకతోనే లెప్టిన్ తయారుకాని పిల్లలు ఎంత లావున్నా చికిత్స లేకుండా సాధారణంగా ఈడేరరు. మామూలుగా కొవ్వు ఎక్కువుంటే లెప్టిన్ కూడా ఎక్కువ, అందుకే లావుగా ఉన్న ఆడపిల్లలు కాస్త ముందుగా, తిండి చాలక బక్కచిక్కినవాళ్లు ఆలస్యంగా పెద్దమనుషులవుతారు. కానీ పస్తులతో వచ్చే ఆ ఆలస్యం ఎత్తునీ, ఎముకల బలాన్నీ కూడా తినేస్తుంది.

పదహారు గంటల ఉపవాసం, అంటే రోజులో ఎనిమిది గంటల్లోనే తిని మిగతా సమయం ఏమీ తినకపోవడం, పెద్దవాళ్ల వ్యవహారం. పిల్లలకి పెడితే ఏమవుతుంది? పొద్దున టిఫిను ఎగిరిపోతుంది, సాయంత్రం బడి నుంచి రాగానే మిరపకాయ బజ్జీలు, పునుగులు, పైన కూల్‌డ్రింకు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులోనే సుమారు 30 గ్రాముల పంచదార! క్యాలరీలు తగ్గవు, తగ్గేది ప్రోటీను, ఇనుము. పది నుంచి పన్నెండేళ్ల ఆడపిల్లకి రోజుకి ప్రోటీను 33 గ్రాములు, ఇనుము 28 మిల్లీగ్రాములు కావాలని మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) లెక్క.

రాత్రి ఏడున్నరకి అన్నం, పొద్దున ఏడింటికి టిఫిను. ఆ విరామం చాలు. యాభై గ్రాముల పెసలతో పోసిన పెసరట్లలో దాదాపు 12 గ్రాముల ప్రోటీను ఉంటుంది, గుడ్డు ఒకటి చేరిస్తే ఇంకో ఆరు. బరువు ఎక్కువైతే కోత పెట్టాల్సింది బజ్జీలకి, కూల్‌డ్రింకులకి; పప్పన్నానికి కాదు.

కోళ్లకి హార్మోన్లు ఎక్కిస్తారు, అవి తినే పిల్లలు తొందరగా ఈడేరుతున్నారు అంటూ బ్రాయిలర్ కోడిని తిట్టుకోవడమూ వృథా. గ్రోత్ హార్మోను ప్రోటీనే కాబట్టి తింటే అరిగిపోతుంది. కోడి అంత త్వరగా పెరిగేది జాతి వల్ల, మేత వల్ల.

మూడు నెలలకోసారి చెప్పులు విప్పించి, మడమలు గోడకి ఆనించి, పొద్దుటిపూటే ఎత్తు కొలిచి రాసిపెట్టండి. ఈడు రాకముందు ఏడాదికి ఐదారు సెంటీమీటర్లు మామూలు. ఎనిమిది లోపే మార్పులు మొదలైనా, ఎత్తు ఉన్నట్టుండి ఎగబాకినా పిల్లల హార్మోన్ల డాక్టరుకి ఆ కాగితం చూపించండి. ఎడమ చేతి ఎక్స్‌రేతో ఎముకల వయసు, రక్తపరీక్షతో ఈడుని నడిపే హార్మోను ఎల్‌హెచ్ చూస్తారు. పదమూడు నిండినా మార్పేమీ కనిపించకపోయినా అదే దారి.