మెరక మీద గొయ్యి

డిసెంబరు 24, రాత్రి పదిన్నర

రేపటి క్రిస్మస్ విందుకి పందిని పెట్టి గొయ్యి మూసేశాం. మట్టిలోంచి ఎక్కడా ఆవిరి రావడం లేదు. పొద్దున్న ఎనిమిదిన్నర దాకా పారతో పనిలేదు కాబట్టి, లెక్కలు మర్చిపోకముందే రాసిపెడుతున్నా.

కాల్చిన రాళ్లతో గొయ్యిలో పందిని వండాలంటే మూడడుగులు తవ్వాలంటారు. కోనసీమలో డిసెంబరులో మూడడుగులు తవ్వితే వచ్చేది నుయ్యి. సార్వా (వానాకాలం వరి) కోతలయ్యాయి కదా, చేలు ఎండాయి కదా అనిపిస్తుంది. కానీ దాళ్వాకి (రెండో పంటకి) కాలవలు పారుతూ ఉంటాయి, కింద ఊట తగ్గదు. వేసవిలో కాలవలు కట్టేశాక అయితే హాయిగా తవ్వుకోవచ్చు. ఏం లాభం, క్రిస్మస్ వేసవిలో రాదు! అందుకే చర్చి వెనక మెరక చూసుకుని రెండడుగులే తవ్వి, తీసిన మట్టితోనే చుట్టూ అడుగెత్తు గట్టు వేశాం. పొడవు ఆరడుగులు, వెడల్పు నాలుగు.

రేగడి చెమ్మ పట్టిందంటే ఓ పట్టాన వదలదు. ఆ చెమ్మ ఆరేదాకా రాళ్ల వేడంతా మట్టే తాగేస్తుంది, మాంసానికి మిగలదు. నిన్న సాయంత్రమే కొబ్బరి డొక్కలు పోసి రెండు గంటలు మండించి గొయ్యిని ఆరబెట్టాం. రాత్రి మంచు పడకుండా పైన రేకు కప్పాం. బద్ధకించి ఈ పని ఎగ్గొట్టినచోటే తొడ ఎముక దగ్గర ఎర్రగా మిగిలేది.

రాళ్లది ఇంకో తంటా. డెల్టా అంతా ఒండ్రు, పిడికెడు రాయి కావాలన్నా మెట్ట నుంచి రావాల్సిందే. ఏటి ఒడ్డున ఏరిన గుండ్రాళ్లు పనికిరావు. లోపలి నీరు ఆవిరై అవి పేలతాయి, పెచ్చులు కళ్లలో పడతాయి. గౌరీపట్నం వైపు క్వారీల నల్లరాయి మేలు. పగుళ్లు లేనివి, కొబ్బరికాయంతవి ఏరితే 200 కిలోలు సరిపోయాయి. హవాయి దీవుల్లో ఈ గొయ్యిని ఇము అంటారు, ఇలా వండిన పందిని కాలువా అంటారు (వినగానే కాలవ గట్టు వంట అనుకునేవాళ్లే మనలో ఎక్కువ). అక్కడివాళ్లు వాడేది అగ్నిపర్వతం రాయి. మన రాజమండ్రి చుట్టుపక్కల నల్లరాయి కూడా ఎప్పటిదో లావా గడ్డకట్టిందే. రాయి దొరక్కపోతే బాగా కాలిన పాత ఇటుకలు వాడొచ్చు గానీ, సిమెంటు అంటుకుని ఉండకూడదు.

పంది ఫారంలో మేత పెట్టి పెంచిన తెల్లది, బతికుండగా 40 కిలోలు. శుభ్రం చేశాక 29 తూగింది. ఊళ్లో తిరిగే పందిని ఎంత చవకైనా కొనకూడదు. కోయగానే నాలుక అడుగు, తొడ లోపలి కండ చూడాలి. సగ్గుబియ్యం గింజల్లాంటి తెల్ల బుడగలుంటే అవి బద్దెపురుగు తిత్తులు. ఆ ముక్క వరకూ తీసేసి మిగతాది వండుదాం అంటే కుదరదు, మొత్తం పూడ్చేయాలి.

బొచ్చు తీయడానికి నీళ్లు మరగకూడదు. 60 నుంచి 65 డిగ్రీలు, మూడు నాలుగు నిమిషాలు చాలు. మరిగే నీళ్లు పోస్తే తోలు ఉడికి బొచ్చు బిగుసుకుపోతుంది. మిగిలిన నూగు ఎండుగడ్డి మంట మీద కాల్చి, కత్తితో గీకి, పసుపు రాసి కడిగాం.

ఉప్పు అరకిలో. అల్లం వెల్లుల్లి ముద్ద కిలో, కారం 400 గ్రాములు, పసుపు 100, ఇరవై నిమ్మకాయల రసం. తోలు మీద కారం రాయడం దండగ, లోపలికి దిగదు. పొట్టలోపల, తొడల్లో, జబ్బల్లో ఎముక దాకా గాట్లు పెట్టి అందులో కూరాలి.

సాయంత్రం అయిదింటికి నిప్పు పెట్టాం. సరుగుడు కట్టెలు 250 కిలోలు, వాటిపైన రాళ్లు. వేపకట్టె వద్దు, మాంసానికి చేదు వాసన పడుతుందని పెద్దవాళ్ల మాట. రంగులేసిన పాత తలుపుల చెక్కయితే అసలు దగ్గరికే రానివ్వకూడదు. మూడు గంటలు మండాక రాళ్ల మీది మసి కాలిపోయి బూడిదరంగుకి తిరిగాయి. అప్పుడు రాళ్లు చదును చేసి, పొగలొచ్చే కొరకంచులన్నీ ఏరేశాం. ఒక్కటి మిగిలినా తెల్లారేదాకా లోపల పొగ చూరుతుంది.

రాళ్ల మీద అరటి బోదెలు చీల్చి, నలగ్గొట్టి, జానెడు మందాన పరిచాం. ఆవిరి పుట్టేది వీటి నీటితోనే, అడుగు మాడకుండా కాపాడేదీ ఇవే. గెల కోసేశాక రైతుకి అక్కర్లేని సరుకు కాబట్టి రావులపాలెం చుట్టుపక్కల అడిగితే ఊరికే ఇస్తారు. వాటి మీద ఆకులు, ఆకుల మీద వలలో చుట్టిన పంది. వల నల్ల ఇనుముదే ఉండాలి. జింకు పూత ఉన్నది వేడికి విషపు పొగ వదిలే ప్రమాదం ఉంది. పొట్టలోకి, చంకల్లోకి పట్టకారుతో అయిదారు వేడి రాళ్లు పెట్టాం. చాలామంది వదిలేసేది ఇదే, మందమైన చోట ఉడకనిదీ ఇందుకే. మళ్లీ ఆకులు, తడి గోనెలు రెండు వరసలు, ఆపైన జానెడు మట్టి. ఎరువుల ప్లాస్టిక్ సంచులు గోనెల్లో కలిసిపోకుండా ఒక్కొక్కటీ విప్పి చూసుకోవాలి. కరిగితే కూడంతా పాడు. మూశాక గంటసేపు చుట్టూ తిరిగి, ఆవిరి చిమ్మినచోటల్లా మట్టి మెత్తాం.

రేపు తొడ ఎముక పక్కన థర్మామీటరు గుచ్చితే 71 డిగ్రీలు తప్పకుండా చూపించాలి. చేత్తో లాగితే ఎముక ఊడిరావాలంటే 90 దాకా పోవాలి. తోలు మాత్రం మెత్తగానే ఉంటుంది. కరకరలాడాలంటే చువ్వకి గుచ్చి నిప్పుల మీద తిప్పుకోవాలి, గొయ్యి నుంచి అది ఆశించకూడదు. పొట్టలో చేరిన రసం పారబోయకుండా, పీచు విడదీసిన మాంసంలో కలిపి ఉప్పు సరిచూడాలి. ఎముక తీసేశాక 12, 13 కిలోలు వస్తుంది. ఇదొక్కటే కూరయితే అరవై మందికి, పక్కన కోడికూర, పప్పుచారు ఉంటే వందమందికి సరి.

ఆరాధన మధ్యలో వచ్చి ‘కొంచెం తీసి చూద్దాం బాబాయ్’ అనేవాళ్లు రేపూ ఉంటారు. ఒకసారి తెరిస్తే పోయిన వేడి మళ్లీ రాదు. అప్పటికీ పచ్చిగా ఉంటే ముక్కలు కొట్టి పొయ్యి మీద ఉడికించడమే దారి. అందుకని పెద్ద గుండిగ తోమించి వంటపాక దగ్గర బోర్లించి ఉంచాం.