కట్టడం ఒక ఎత్తు, దారికి తేవడం ఒక ఎత్తు

టెక్సాస్ తీరంలో గాల్వెస్టన్ దగ్గర వెస్ట్ బేలో రెడ్‌ఫిష్ అనే చేప పీతల కోసం, రొయ్యల కోసం అడుగు లోతు నీళ్లలోకి కూడా వచ్చేస్తుంది. తల కిందికి పెట్టి మేస్తుంటే తోక నీళ్లపైకి లేచి, దాని మొదట్లో ఉండే నల్లమచ్చతో సహా కనిపిస్తుంది. మామూలు ఫైబర్ పడవలో అక్కడికి వెళ్లబోతే అడుగు నేలకు తగిలి ఆగిపోతుంది. ఇలాంటి నీళ్ల కోసమే చేసిన రెడీమేడ్ స్కిఫ్‌లు, అంటే అడుగు చదునుగా ఉండే చిన్న పడవలు, దొరుకుతాయి. ధర చూసి మా ఆవిడ "ఆ డబ్బు పెడితే కైకలూరులో చేపల చెరువే లీజుకు తీసుకోవచ్చు" అంది. అలా ప్లైవుడ్‌తో నేనే కట్టుకోవడానికి దిగాను. 16 అడుగుల పొడవు, అడుగుభాగం 5 అడుగులకు కాస్త తక్కువ వెడల్పు, వెనక 25 హార్స్‌పవర్ మోటార్.

కట్టడం గురించి క్లుప్తంగానే చెప్తాను, ఆ వీడియోలు ఎన్నైనా దొరుకుతాయి. పడవల ప్లైవుడ్‌కు ఉండే బీఎస్ 1088 ప్రమాణం ఉన్న ఒకూమె అనే తేలిక చెక్క ప్లైవుడ్‌ను నక్షా ప్రకారం కోసి, అంచుల్లో రంధ్రాలు వేసి, రాగి తీగతో కుట్టి, మూలల్లో రంపపు పొడి కలిపిన ఎపాక్సీ (రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే జిగురు) నింపి, దాని మీద ఫైబర్‌గ్లాస్ టేపు అంటించడం. అంతే. హ్యూస్టన్ ఎండాకాలంలో గరాజ్‌లో చేసేవాళ్లకు మాత్రం రెండు మాటలు. కలిపిన ఎపాక్సీని డబ్బాలోనే వదిలేస్తే తన వేడికి తానే ఉడికి, పొగలు కక్కి రాయైపోతుంది. కలపగానే వెడల్పాటి ట్రేలో పోసుకుంటే ఆ టెన్షన్ ఉండదు. రెండోది తేమ. ఆరిన ఎపాక్సీ మీద ఒక్కోసారి మైనం పూసినట్టు జిడ్డు పొర పేరుకుంటుంది. ముందు నీళ్లు పోసి గిన్నెలు తోమే పీచుతో కడిగేయాలి. అలా కడగకుండా సాండ్‌పేపర్ పెడితే ఆ జిడ్డు అంతటా పాకుతుంది, తర్వాతి పూత పట్టదు.

సొంతంగా కట్టిన పడవకు కంపెనీ నంబరు ఉండదు కాబట్టి రాష్ట్రమే ఇస్తుంది. టెక్సాస్‌లో ఈ పని పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖది. ప్లైవుడ్, ఎపాక్సీ కొన్న రసీదులు, కడుతున్నప్పటి ఫొటోలు ఒక ఫైల్లో పెట్టుకోండి, అడిగినప్పుడు వెతుక్కునే పని తప్పుతుంది. వచ్చిన 12 అక్షరాల నంబరు 'టీఎక్స్‌జెడ్' అని మొదలవుతుంది. దాన్ని వెనక పలక మీద కుడివైపు పైన చెక్కాలి. రిజిస్ట్రేషన్ నంబరు వేరే. అది ముక్కుకు రెండు పక్కలా కనీసం 3 అంగుళాల ఎత్తు అక్షరాల్లో ఉండాలి.

అసలు పని ఆ తర్వాతే మొదలైంది. నీళ్లలో దించి, నేనూ ఒక మిత్రుడూ ఎక్కాక, మోటార్ స్టార్ట్ చేయకముందే స్కేలుతో కొలిచాను. పడవ ముందు 3 అంగుళాలు మునిగింది, వెనక 7. నీళ్లను తాకే అడుగుభాగం దాదాపు 60 చదరపు అడుగులు. ఉప్పునీళ్లు ఘనపుటడుగుకు 29 కిలోలు. అంటే పడవ ఒక్క అంగుళం దిగాలంటే 145 కిలోలు పడాలి. పడవ, మోటార్, పెట్రోలు, మేమిద్దరం, సామాను అన్నీ కలిపినా 420 కిలోలు దాటవు. అడుగుకున్న వంపులకు ఇంకో అంగుళంన్నర, రెండు అంగుళాలు కలుపుకున్నా అంతా సమంగా ఐదు దగ్గర తేలాలి. బరువు లెక్క సరిగ్గానే ఉంది, అదంతా వెనకే పోగుపడింది. మోటార్, పెట్రోలు ట్యాంకు, బ్యాటరీ, నడిపే మనిషి, నలుగురూ ఒక్కచోటే. నక్షాలో కూడా వాటి చోటు అదే.

స్పీడ్ అందుకుంటే ఇంకో తమాషా. ముక్కు లేస్తుంది, దబ్బున పడుతుంది, మళ్లీ లేస్తుంది. ముందు కూర్చున్న మిత్రుడు ఒడ్డుకు రాగానే నడుం పట్టుకుని "ఇది పడవా, ఆంబోతా?" అన్నాడు. ఇలాంటప్పుడు నడిపేవాడు పడిపోతే మోటార్‌ను ఆపేసే కిల్ స్విచ్ తాడు ఒంటికి తగిలించుకోవడం మరవకూడదు. 2021 ఏప్రిల్ నుంచి ఇంత చిన్న పడవలకు అది ఫెడరల్ చట్టం కూడా.

ఆ వీడియో కైకలూరులో ఉన్న మా మేనమామకు పంపాను. కొల్లేట్లో తాటిదోనె మీద గెడేసి తిరిగిన మనిషి. వెంటనే ఫోన్ చేశాడు. "ఒరేయ్ అల్లుడూ, మోటార్ల సంగతి నాకు తెలీదు గానీ, ఆ బ్యాటరీ, డబ్బా అన్నీ నీ కాళ్ల దగ్గర కుప్ప పోసుకున్నావేంట్రా? ముందుకి తొయ్యి."

"వైర్లు అందవు మామయ్యా."

"అమెరికాలో వైరు దొరకదా?"

దొరుకుతుంది. కాకపోతే స్టార్టర్ గుంజే కరెంటు ఎక్కువ. సన్నని వైరును 12 అడుగులు లాగితే మోటార్ దగ్గరికి చేరేసరికి వోల్టేజ్ పడిపోతుంది. అందుకే బొటనవేలంత కేబుల్ వేసి, బ్యాటరీ పక్కనే బ్రేకర్ పెట్టాను. అయితే వాటికి కొత్త చోట్లు చేయడానికి చెక్క కోయకముందు ఏది ఎక్కడుంటే బాగుంటుందో తేల్చుకోవాలి కదా, దానికి 5 గ్యాలన్ల నీళ్ల క్యాన్లు వాడాను. ఒక్కో క్యాను 19 కిలోలు. వాటిని ముందుకీ వెనక్కీ జరుపుతూ, ఒక్కో అమరికలో నడిపి, స్కేలుతో కొలిచి, కాగితం మీద రాసుకున్నాను. ఈ ఆటకు ఖర్చు లేదు. చివరికి బ్యాటరీ ముక్కులోకి, ట్యాంకు నడిమి సీటు కిందికి చేరాయి. ఇప్పుడు ముందు నాలుగున్నర, వెనక ఐదుంపావు. వెనక పలక అడుగున రెండు చిన్న ట్రిమ్ టాబ్‌లు (ముక్కును కిందికి దించే రేకులు) బిగించాక ఎగిరిపాటు కూడా పోయింది.

తర్వాత మోటార్ ఎత్తు. జాక్ ప్లేట్ అంటే మోటార్‌ను పలక నుంచి కాస్త వెనక్కి పట్టి ఉంచి, పైకీ కిందికీ జరిపే బిగింపు. దాని మీద అర అంగుళం చొప్పున లేపుకుంటూ పోయాను. మోటార్ పలక నుంచి వెనక్కి జరిగిన కొద్దీ పడవ కిందనుంచి వచ్చే నీళ్లు అక్కడ పైకి లేస్తాయి, అందుకే కాస్త ఎత్తినా ప్రొపెల్లర్‌కు నీళ్లు అందుతాయి. అలాగని ఎక్కువ వెనక్కి జరిపితే మోటార్ బరువు 60 కిలోలు మళ్లీ వెనకే లాగుతాయి, ఇక్కడ బేరం తప్పదు. ఎంతవరకు ఎత్తొచ్చో మోటార్ పక్కనుంచి చిమ్మే సన్నని నీటిధార చెప్తుంది. అది బలహీనపడిందంటే కూలింగ్ నీళ్లు అందడం లేదని. అక్కడి నుంచి ఒక మెట్టు దించి బిగించాను. మలుపుల్లో ప్రొపెల్లర్ గాలి పీల్చి వట్టిగా తిరిగేది, అంచు కాస్త వంచిన నాలుగు రెక్కలది మార్చాక పట్టు నిలిచింది. ప్రొపెల్లర్ మార్చేవాళ్లు ఆర్పీఎమ్ చూసుకోండి. పిచ్ (ఒక్క చుట్టుకు ప్రొపెల్లర్ ముందుకు పోవాల్సిన దూరం) ఒక అంగుళం పెరిగితే సుమారు 200 తగ్గుతుంది. నా మోటార్‌కు ఫుల్ త్రాటిల్‌లో 5000 నుంచి 6000 మధ్య ఉండాలి.

చేపకు దగ్గరయ్యాక మోటార్ లేపేసి గెడే. నాకు ఈ పడవలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. మోటార్ మీది ప్లాట్‌ఫామ్ ఎక్కితే ఎత్తు నుంచి చేప బాగా కనిపిస్తుంది, కానీ ఒక్కడినే ఉంటే వెనక మళ్లీ దిగిపోతుంది. అందుకే ఒంటరిగా వెళ్లినప్పుడు నడిమి సీటు ముందే నిలబడి నెడతాను. చిన్న అలలు ముక్కు కింద టప్ టప్ మని కొట్టే చప్పుడు బరువు ముందుకు జరిపాక చాలా తగ్గింది. ఆ చప్పుడుంటే ఎంత పల్చటి నీళ్లలోకి వెళ్లినా లాభం లేదు, చేప ముందే జారుకుంటుంది.

క్రిస్మస్ బే వైపు వెళ్లినప్పుడు నీటిగడ్డి ఉంటుంది. ప్రొపెల్లర్‌తో దాన్ని వేర్లతో సహా పెకలించడం 2013 సెప్టెంబర్ నుంచి టెక్సాస్ అంతటా నేరం, కాబట్టి గడ్డి కనబడగానే మోటార్ ఆపేస్తాను. ఇక్కడ ఆటుపోట్లు తక్కువే, అడుగు, రెండడుగులు. లోతును అసలు మార్చేది గాలి. చలికాలంలో ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే బే నీళ్లు సముద్రంలోకి తోసుకుపోతాయి, నిన్న తేలిన చోట ఇవాళ బురద ఉంటుంది. ఫోర్‌కాస్ట్‌లో అలాంటి గాలి కనిపిస్తే నేను లోపలి మూలలకు పోను.

ఇంకా మిగిలింది నీళ్ల అడుగున ఆయిస్టర్ (ముత్యపు చిప్పల్లాంటి జీవి) గుట్టల సంగతి. వాటి పెంకులు అడుగు పూతను బ్లేడుతో గీసినట్టు గీస్తాయి. ఈ సీజన్ అయ్యాక పడవను బోర్లించి, గీతలు పూడ్చి, ఎపాక్సీలో గ్రాఫైట్ పొడి కలిపి అడుగంతా రెండు పూతలు వేయాలి. బరువు పెద్దగా పెరగదు. పెరిగినా నీళ్ల క్యాన్లు ఇంకా గరాజ్‌లోనే ఉన్నాయి.