పావగడ ఎండకు కౌలు

బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంటు మేడ మీద సోలార్ పెట్టించాలా వద్దా అని అసోసియేషన్‌లో నెలల తరబడి పంచాయితీ నడుస్తోంది. "ఆ గోల పక్కన పెట్టన్నా, అసలు పెద్ద ఎత్తున పెట్టినచోట ఎట్లుందో చూసొద్దాం పా" అన్నాడు కింది ఫ్లోర్‌లో ఉండే హిందూపురం కుర్రాడు. అలా ఓ ఆదివారం తెల్లవారుజామున కర్ణాటక తుమకూరు జిల్లాలోని పావగడ సోలార్ పార్కుకు బయల్దేరాం.

గొరగుంటెపాళ్య ట్రాఫిక్ దాటితే సగం దూరం వెళ్లినట్టే. క్యాత్సంద్రలో తట్టె ఇడ్లీ తినకుండా తుమకూరు వైపు వెళ్లే అలవాటు మాకు లేదు, తిన్నాం. కొరటగెరె, మధుగిరి దాటాక బోర్డులు కన్నడంలో, మాటలు తెలుగులో మొదలయ్యాయి. పావగడ తాలూకాకు మూడు వైపులా ఆంధ్రే మరి. టీ కొట్టులో నేను కష్టపడి కన్నడంలో ఆర్డరిస్తే, "యా ఊరప్పా మీది?" అని అచ్చమైన సీమ తెలుగులో అడిగారు.

తిరుమణి దగ్గర పడేసరికి రోడ్డుకు రెండు పక్కలా కంచెలు, వాటి వెనక ప్యానెళ్లు. దాదాపు 13,000 ఎకరాలు, ఐదు ఊళ్ల భూములు, 2,050 మెగావాట్లు. లోపలికి అనుమతి లేనిదే పోనివ్వరు గానీ ఊళ్ల మధ్య రోడ్లు పార్కు గుండానే పోతాయి కాబట్టి చూడటానికి కొదవ లేదు. కారు ఆపి కంచె దగ్గర నిలబడితే ఇన్వర్టర్ల గది నుంచి సన్నగా 'గుయ్' మంటూ మోత. కొన్ని ప్యానెళ్లు మెరుస్తున్నాయి, కొన్నిటి మీద దుమ్ము పేరుకుపోయి ఉంది. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, కడగాలంటే నీళ్లు కావాలి. కరువు సీమలో ఆ నీళ్లే కదా కష్టం.

నాకు ఆసక్తిగా అనిపించింది టెక్నాలజీ కన్నా దీని వెనకున్న ఒప్పందం. కేంద్రం తరఫున సోలార్ ఎనర్జీ కార్పొరేషన్, రాష్ట్రం తరఫున పునరుత్పాదక ఇంధన సంస్థ క్రెడల్ చెరిసగం వాటాతో 2015లో ఒక కంపెనీ పెట్టాయి. భూమి, రోడ్లు, సబ్‌స్టేషన్లు ఆ కంపెనీ చూస్తుంది. ప్యానెళ్లు పెట్టే సంస్థలు వేలంలో గెలిచి వస్తాయి. భూమిని మాత్రం కొనలేదు, గుంజుకోలేదు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల కౌలు, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు, పట్టా రైతు పేరునే. 2018 మార్చిలో ప్రారంభించారు, 2019 చివరికి పూర్తిగా నడవడం మొదలైంది. సోలార్ కోసం భూసేకరణ అనగానే గొడవలు గుర్తొచ్చే మనకు ఇదొక మంచి దారే.

వేపచెట్టు కింద కూర్చున్న ఒక పెద్దాయన్ని కదిపాం. పదెకరాలు ఇచ్చాడట. "వెయ్యి అడుగులు తోడినా బోర్లో నీళ్లు పళ్లేదప్పా. చెనిక్కాయ వేస్తే విత్తనం ఖర్చు కూడా రాకపాయె. ఇప్పుడు వానొచ్చినా రాకున్నా దుడ్లు పడతాండాయి" అన్నాడు.

పక్కన మేకను పట్టుకుని నిలబడిన ఆమె ఊరుకోలేదు. "భూమి ఉండేటోళ్లకు కౌలు. మాకేముంది సార్? ముందు చెనిక్కాయ పీకను పోతాంటిమి. ఇప్పుడు ప్యానెళ్ల కింద గడ్డి కోసే పని, అదీ పిలిస్తేనే. మేకల్ని యాడ మేపాల?" కంచె లోపల గడ్డి పచ్చగానే ఉంది, మేక దాన్నే చూస్తోంది. పట్టా ఉన్నవాడితో పొత్తు బాగానే కుదిరింది. కూలికీ కాపరికీ ఆ కాగితంలో చోటు లేదు. కౌలు లెక్క వేసినవాళ్లు కూలి దినాల లెక్క కూడా వేసి ఉండాల్సింది.

మారతహళ్లి, పావగడ రెండూ కరెంటు పంపిణీ సంస్థ బెస్కామ్ పరిధిలోవే. బెంగళూరు 2023 నవంబరులో సొంత వాతావరణ ప్రణాళిక విడుదల చేసింది, 2050కల్లా నెట్ జీరో, అంటే నికరంగా సున్నా కర్బన ఉద్గారాలు అంది. సీ40 నగరాల కూటమి, పరిశోధన సంస్థ డబ్ల్యూఆర్ఐ ఇండియా అందులో తోడున్నాయి. మంచిదే. కానీ నగరంలో ఎన్ని మేడలు ఎక్కినా 13,000 ఎకరాల ఎండ దొరకదు, అలాంటి ఎండ ఇలాంటి పొలాల్లోనే ఉంది. పైగా అది సాయంత్రానికి ఆగిపోతుంది. మన లిఫ్టులు, గీజర్లు, స్టవ్‌లు ఆ తర్వాతే జోరందుకుంటాయి. అందుకే పశ్చిమ కనుమల్లోని శరావతి లోయలో 2,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (మిగులు కరెంటుతో నీళ్లు పైకి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీయడం) అంటున్నారు, సింగళీకాలనే సింహపు తోక కోతులుండే అడవి పోతుందని అక్కడివాళ్లు అడ్డం పడుతున్నారు. ఆ పేచీ తేలడం అంత సులువు కాదు.

బయల్దేరేముందు పెద్దాయన్ని అడిగాను, పొలాల గట్లన్నీ చదును చేసేశారు కదా, పాతికేళ్ల పైచిలుకు కౌలు గడువు అయ్యాక ఎవరి చేను ఏదో ఎట్లా తెలుస్తుందని.

"సర్వే నంబర్లుండాయి గదప్పా" అన్నాడు. "అయినా మళ్లీ చేను కావాలని ఎవురన్నారు? అప్పుడు రేటు మేం చెప్తాం."