సమ్మెకు మీరు, ఓటుకు వాళ్ళు

ఖమ్మం జిల్లాలో ఎర్రజెండా పట్టుకుని తిరిగే ప్రతి కుర్రాడూ ఎప్పుడో ఒకప్పుడు వినే మాట ఇది: "కొట్లాటకైతే మీరే కావాలి గానీ, ఓటు మాత్రం వాళ్ళకే." అనేవాళ్ళు నవ్వుతూనే అంటారు. మనకే ఎక్కడో కలుక్కుమంటుంది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో పాలేరు నియోజకవర్గంలో సీపీఎం తరఫున వలంటీరుగా తిరిగి, పోలింగు నాడు ఏజెంటుగా కూర్చుని, లెక్కింపు హాల్లో జాలీ అవతల నిలబడి చూశాక ఆ మాట మీద నాకు కోపం పోయింది. ఎట్లా పోయిందో చెప్తాను.

అప్పటికి నాకు పార్టీ సభ్యత్వం లేదు. విద్యార్థి సంఘంలో తిరిగేవాణ్ణి. స్కాలర్‌షిప్పు బకాయిల ధర్నాలు, బస్‌పాస్ గొడవలు, అంతే. నాన్న కౌలుకు మిరప వేస్తాడు. ఎన్నికల పనంటే డప్పులు, పాటలు, మైకు అనుకుని మండల ఆఫీసుకు వెళితే నా చేతిలో పెట్టింది ఓటర్ల జాబితా, ఒక కట్ట ఫారం 6లు.

ఫారం 6 కొత్త ఓటుకు. 7 పేరు తీసేయించడానికి. 8 ఇల్లు మారినా, తప్పులు దిద్దించాలన్నా. ఇంతకుముందు జనవరి 1 నాటికి పద్దెనిమిదేళ్ళు నిండితేనే లెక్క. ఇప్పుడు ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు కూడా లెక్కే. ఆ సంగతి తెలియక "నాకు వచ్చే ఏడాది గదన్నా" అని పంపించేయబోయిన పిల్లలకు కూడా ఆ ఎన్నికల్లో ఓటొచ్చింది, అక్టోబరు 1 నాటికి నిండితే చాలన్నారు కాబట్టి. మా ఊరి బీఎల్వో, అంటే బూతు ఓటర్ల జాబితా చూసే మనిషి, అంగన్‌వాడీ టీచరమ్మే. సెప్టెంబరులో రాష్ట్రమంతా అంగన్‌వాడీలు సమ్మెలో ఉన్నారు. నింపిన ఫారాలు పట్టుకుని సమ్మె శిబిరానికే వెళ్ళాను. ఇబ్బందిపడుతూ అడిగితే, "సమ్మె అంగన్‌వాడీకయ్యా, ఓటర్ల జాబితాకు కాదు, ఇటియ్యి" అని సంచిలో పెట్టుకుంది.

జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం నాకు ఏ రాజకీయ శిక్షణ తరగతీ చెప్పనంత చెప్పింది. ఏ ఇంట్లో ఎవరు హైదరాబాదు పోయారు, ఎవరు చనిపోయినా పేరు మిగిలింది, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్ల ఓటు ఏ ఊళ్ళో ఉంది, అన్నీ తెలిసిపోతాయి. ఎనభై దాటినవాళ్ళు ఫారం 12డీ ఇస్తే సిబ్బంది కెమెరాతో ఇంటికే వచ్చి ఓటు వేయించుకెళ్ళే సౌకర్యం అప్పుడు ఉండేది. మా పాత కామ్రేడ్ తాత ఒకాయనకు ఎంత చెప్పినా సంతకం పెట్టలేదు. "ఇంట్లో కూర్చుని ఓటేస్తే ఎవడు చూస్తాడురా?" అన్నాడు. రహస్య ఓటు గురించి ఆయనకు చెప్పగలిగే మొనగాడు మండలంలో లేడు.

నిజమైన తలనొప్పి పొత్తులతో వచ్చింది. 2022 నవంబరులో మునుగోడు ఉపఎన్నికలో బీజేపీని ఆపాలని కమ్యూనిస్టులు టీఆర్‌ఎస్‌కు మద్దతిచ్చారు, అక్కడ ఆ పార్టీ గెలిచింది. 2023 ఆగస్టు 21న కేసీఆర్ ఒకేసారి 115 మంది అభ్యర్థులను ప్రకటించారు. అందులో వామపక్షాలకు ఒక్క సీటూ లేదు. తర్వాత కాంగ్రెస్‌తో మాటలు నడిచాయి. సీపీఐకి కొత్తగూడెం ఇచ్చారు. సీపీఎంతో తెగలేదు. నవంబరు మొదట్లో ఒంటరిగా పోటీ అన్నారు, చివరికి 19 చోట్ల బరిలో దిగాం. పాలేరులో పార్టీ అప్పటి రాష్ట్ర కార్యదర్శి తమ్మినేని వీరభద్రమే అభ్యర్థి.

ఇదంతా పేపర్లో చదివేవాడికి నాలుగు లైన్లు. గడపలో నిలబడి చెప్పేవాడికి నరకం. "నిరుడు కారన్నరు, మొన్న చెయ్యన్నరు, ఇయ్యాల సుత్తి కొడవలి నక్షత్రమంటిరి. మీరే ఒక మాట మీద లేరు, మేమెట్ట ఉంటం?" అని ఒక హమాలీ మామ అడిగాడు. నేను మతతత్వం, ప్రధాన శత్రువు అని మొదలుపెట్టాను. ఆయన బీడీ ముట్టించుకుని ఓపిగ్గా విన్నాడు. చివర్న "నువ్వు చెప్పేది నిజమే అబ్బాయ్. కానీ టైము లేదు గదా" అన్నాడు. పోలింగుకు నెల కూడా లేదు. ఇంతకన్నా కచ్చితమైన విమర్శ నేను ఏ సమీక్షా సమావేశంలోనూ వినలేదు.

నాకో స్నేహితుడున్నాడు, మాకన్నా ఎడమ వైపు. ఓటుతో ఏదీ మారదంటాడు, నోటా నొక్కడం కూడా దండగే అంటాడు. వాడితో రాత్రిళ్ళు పోట్లాడేవాణ్ణి. 2004లో లోక్‌సభలో వామపక్షాలవాళ్ళు 60 మంది దాకా ఉన్నారు, వాళ్ళ మద్దతు మీద ప్రభుత్వం నిలబడింది కాబట్టే 2005లో ఉపాధి హామీ చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం అంత ఒత్తిడితో వచ్చాయి, మీ అమ్మ కరువు పనికి పోయి తెచ్చే కూలి ఎక్కడిదిరా అని నేను. ఆ మద్దతు తీసేశాక 2009లో ఎంతమంది మిగిలారని వాడు. 2014లో తెలంగాణ అసెంబ్లీకి సీపీఎం నుంచి భద్రాచలం సున్నం రాజయ్య ఒక్కడే, సీపీఐ నుంచి దేవరకొండలో ఒకరు. 2018లో రెండు పార్టీలకూ ఒక్క సీటూ రాలేదు. బస్సెక్కి తిరిగే ఎమ్మెల్యే అని రాజయ్యను జనం ఎంత ముచ్చటగా చెప్పుకున్నారో నాకు తెలుసు. ముచ్చట వేరు, ఓటు వేరు అని వాడు. అక్కడికి వచ్చేసరికి నా దగ్గర జవాబు ఉండేది కాదు.

ఎందుకంటే కళ్ళముందు అదే కనిపిస్తోంది. 2023 జులైలో పంచాయతీ కార్మికులు నెల దాటి సమ్మె చేశారు. మా మండలంలో వాళ్ళ శిబిరానికి బియ్యం, కూరగాయలు మేమే పోగుచేశాం. ప్రచారంలో వాళ్ళ వాడకు వెళితే కుర్చీలు వేశారు, టీ పోశారు. ఎన్నికల ఖర్చుకని డబ్బా పట్టుకుంటే యాభై, వంద వేశారు. అభ్యర్థి నుంచి డబ్బు తీసుకునే రోజుల్లో అభ్యర్థికి డబ్బిచ్చే ఓటర్లు! పోలింగుకు ముందు రెండు రాత్రులూ ఊళ్ళో డబ్బు కవర్లు తిరిగాయి. ఎవరివో రాయను. కానీ ఒక సంగతి చెప్పాలి: కవరు వల్లే ఓటు పోయిందనే మావాళ్ళ లెక్క నేను నమ్మను. రెండు వైపులా తీసుకున్నవాళ్ళు ఒకవైపే వేశారు కదా. ఆ ఒకవైపు ఎటో తేల్చింది కవరు కాదు.

నవంబరు 30, పోలింగు. నన్ను ఏజెంటుగా పెట్టినట్టు అభ్యర్థి సంతకం చేసిన ఫారం 10 జేబులో పెట్టుకుని చీకటితోనే బడికి చేరాను. పోలింగు ఏడింటికి మొదలైతే, గంటన్నర ముందే మాక్ పోల్. కనీసం యాభై ఓట్లు, ప్రతి గుర్తుకూ, నోటాకూ పడాలి. తర్వాత ఫలితం చూపించి, వీవీప్యాట్ (ఎవరికి ఓటు పడిందో చీటీ మీద చూపించే మిషన్) చీటీలతో సరిచూసి, మిషన్లో ఉన్నది చెరిపేసి, ఆ చీటీలు నల్ల కవర్లో పెట్టి సీలు వేస్తారు. పచ్చ పేపర్ సీలు మీద ఏజెంట్లందరం సంతకాలు పెట్టాం. మిషన్ మీద అనుమానాలున్న ప్రతి కుర్రాణ్ణీ ఒక్కసారి ఆ టైముకు అక్కడ కూర్చోబెట్టాలి. అనుమానాలు పోతాయని కాదు, ఏది అడగాలో తెలుస్తుందని.

ఏజెంట్ల బెంచీ మీద నా పక్కన చెయ్యి గుర్తు ఏజెంటు సాక్షాత్తూ మా బావ. ఆ పక్కన కారు ఏజెంటు నాతో పదో తరగతి చదివినవాడు. బయట ఈ మూడు జెండాలవాళ్ళూ పలకరించుకోవడం మానేసి నెలయింది. లోపల ఒకే పొట్లంలోంచి ఇడ్లీ తిన్నాం. మా పనల్లా పేరు చదవగానే జాబితాలో టిక్కు పెట్టుకోవడం, మనిషి ఆ మనిషేనా అని చూడటం. అనుమానముంటే రెండు రూపాయలు కట్టి సవాలు చేయొచ్చు. చనిపోయినవాళ్ళ, ఊరు విడిచినవాళ్ళ జాబితా వేరే ఉంటుంది. అందులో పేరున్న కుర్రాడొకడు హైదరాబాదు నుంచి రాత్రి బస్సుకు దిగి వచ్చాడు. అధికారి కార్డు తిప్పి తిప్పి చూస్తున్నాడు. "మావోడే సార్, నేను గుర్తుపడతా" అని ముందుగా అన్నది కారు ఏజెంటు. ఆ ఓటు ఎవరికి పడుతుందో మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు. వాడితో వేలిముద్ర వేయించుకుని ఓటేయనిచ్చారు.

పొద్దంతా కూర్చుంటే ఒకటి గమనించాను. లైన్లో నిలబడ్డంతసేపు ఆడవాళ్ళు కబుర్లాడుకుంటూనే ఉన్నారు. వేలికి సిరా పూయించుకుని అట్టపెట్టె చాటుకు వెళ్ళగానే ముఖం మారిపోతుంది. చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది కదా, అందరూ ఆ ఏడు సెకన్లూ చూసి గాని కదలరు. ఏడాదంతా ఎవరో ఒకరి మాట వినే మనిషి, అక్కడ మాత్రం ఎవరి మాటా వినాల్సిన పని లేదు. నా మాట కూడా.

సాయంత్రం అయిదింటికి లైన్లో మిగిలినవాళ్ళకు చీటీలు పంచారు, చివరి మనిషి దగ్గర మొదలుపెట్టి ముందుకు. మధ్యలో కొత్తవాళ్ళు దూరకుండా అదొక ఉపాయం. అంతా అయ్యాక క్లోజ్ బటన్ నొక్కి మొత్తం ఓట్లు చెప్పారు. ఓటేసినవాళ్ళ పేర్లు రాసే 17ఏ రిజిస్టరుతో సరిపోయింది. ఫారం 17సీ నకలు ఇచ్చేదాకా లేవొద్దని మా మండల కార్యదర్శి పదేపదే చెప్పారు. లేవలేదు. ఏజెంటుగా కూర్చునేవాళ్ళకు నేనూ అదే చెప్తాను. ఆ కాగితం మీద మిషన్ నంబర్లుంటాయి, ఓట్ల సంఖ్య ఉంటుంది. లెక్కింపు బల్ల దగ్గర అదొక్కటే మన చేతిలో ఆధారం.

డిసెంబరు 3 గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ముందు పోస్టల్ ఓట్లు, తర్వాత మిషన్లు. మా బూతు కంట్రోల్ యూనిట్ జాలీకి అవతల ఎత్తి చూపించినప్పుడు మా అంకె చూసి పెన్ను ఆగిపోయింది. ఊళ్ళో మా సంఘాల సభ్యత్వ రసీదులు ఎన్ని కోశామో నాకు తెలుసు. ఓట్లు అందులో సగం కూడా లేవు. నియోజకవర్గం మొత్తం మీద 5 వేల పైచిలుకు. కాంగ్రెస్ అభ్యర్థి పొంగులేటి శ్రీనివాసరెడ్డి 56 వేలు దాటిన మెజారిటీతో గెలిచారు. పోలైన చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే ధరావతు పోతుంది, మాది పోయింది. 19 చోట్ల ఒక్కటీ గెలవలేదు. కొత్తగూడెంలో సీపీఐ కూనంనేని సాంబశివరావు గెలవడంతో అసెంబ్లీలో కమ్యూనిస్టు మళ్ళీ ఒకరయ్యారు.

ఆఫీసులో సమీక్ష పెట్టారు. డబ్బు, ఆలస్యం, గాలి, అన్నీ వచ్చాయి. పాత కామ్రేడ్ తాత లేచి 1952 గురించి చెప్పాడు. పార్టీ నిషేధంలో ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేసి రావి నారాయణరెడ్డి నల్లగొండలో నెహ్రూ కన్నా ఎక్కువ ఓట్లతో గెలవడం. దాని వెంటనే 1955 ఆంధ్ర ఎన్నికలు చెప్పాడు: ఓట్లు 31 శాతం వచ్చాయి, సీట్లు పదిహేను. "31 శాతం వచ్చి ఓడినప్పుడు కూడా ఓటర్ని తిట్టలేదురా మేము," అన్నాడు. అప్పటిదాకా ఎవరో "జనానికి విశ్వాసం లేదు" అంటూ ఉన్నారు.

ఆ వారంలోనే పంచాయతీ కార్మికుల వాడలో ఒక పెద్దమ్మ దొరికింది. సమ్మెలో రోజూ ముందు వరుసలో కూర్చున్న మనిషి. డొంక తిరుగుడు లేకుండా అడిగేశాను, మాకెందుకు వేయలేదు పెద్దమ్మా అని. ఆమె సిగ్గుపడలేదు. "వేస్తే గెలుస్తడా ఆయన? గెలవడు. ఉన్నోడు దిగాలె, అందుకు ఓటు కావాలె. దిగినోడి మీద సమ్మె చేసినప్పుడు మీరు మావైపున్నరు. ఎక్కినోడు జీతం పెంచకపోతే మళ్ళీ మీరే రావాలె. మీరు ఓడిపోతే రారా ఏంది?"

నాకు నోట మాట రాలేదు. మేము కృతఘ్నత అనుకుంటున్నది ఆమె దగ్గర పక్కా లెక్క. ప్రభుత్వాన్ని దించే పనికి ఒక పనిముట్టు, దాన్ని నిలదీసే పనికి ఇంకొకటి. ఆ లెక్కలో లోటు లేదని కాదు. నిలదీసేవాడు అసెంబ్లీలో కూడా ఉంటే ఆమె నడిరోడ్డు మీద కూర్చోవాల్సిన రోజులు తగ్గుతాయి. అది ఆమెకు నమ్మకంగా చెప్పగలిగే స్థితిలో మేం లేం. ఎన్నికలకు నెల ముందు కాదు, సమ్మె శిబిరంలోనే ఓటు గురించి మాట్లాడాలి; మేమేమో అక్కడ రాజకీయాలు ఎత్తితే జనం చెదిరిపోతారని నోరు మూసుకుంటాం. దీని మీద ఆఫీసులో నాకూ పెద్దలకూ ఇప్పటికీ పడదు. పార్టీ సభ్యత్వం మాత్రం ఆ తర్వాతే తీసుకున్నాను.

2024 లోక్‌సభ ఎన్నికలొచ్చాయి. సీపీఎం భువనగిరిలో పోటీ చేసింది, మిగతాచోట్ల బీజేపీని ఓడించడానికి కాంగ్రెస్‌కు మద్దతన్నది. అంటే మే 13కు ముందు ఎండల్లో, అవే గడపలకు, ఈసారి చెయ్యి గుర్తుకు ఓటేయమని నేనే వెళ్ళాలి. మా బావ ఆ నెలంతా నన్ను ఆటపట్టించడానికే బతికాడు.

పెద్దమ్మ కరపత్రం తీసుకుని తిరగేసి చూసింది.

"చెయ్యికా? ఆర్నెల్లకిందనే వేసినం గదయ్యా. మీకిప్పుడు తెలిసిందా?"

వాడంతా నవ్వు. నేనూ నవ్వాను. తర్వాత ఆమె లోపలికి కేకేసి మనవరాల్ని పిలిచింది. ఆ పిల్లకు జులైలో పద్దెనిమిది నిండుతాయట. ఈ ఎన్నికకు అందదు, సర్పంచ్ ఎన్నికలకు అందవచ్చు. సంచిలో ఫారం 6 ఉంది, అక్కడే కూర్చుని నింపాం.