బ్రేకు వదిలిన మందు

నాన్న భుజం నొప్పి మొదట పుత్తూరు కట్టు దాకా వెళ్లింది. తిరుపతి వాళ్లకు ఇందులో వింతేమీ లేదు. కాలో చెయ్యో పట్టేస్తే ముందు పుత్తూరు బస్సెక్కి, ఆ తర్వాతే ఎక్స్‌రే గురించి ఆలోచించే ఇళ్లు ఇక్కడ ఇంకా చాలా ఉన్నాయి. కట్టు కట్టేవాళ్లు ఆ భుజాన్ని నాలుగు వైపులా నొక్కి చూసి, ఇది ఎముక సంగతి కాదు, ఛాతీ ఫొటో తీయించుకోండి అని తిప్పి పంపారు. వాళ్ల మాటే నిజమైంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో గడ్డ. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది. కాలేయంలో కూడా ఒక మచ్చ కనిపించింది కాబట్టి నాలుగో దశ అన్నారు.

మా నాన్న ఆర్టీసీ డ్రైవరుగా రిటైరయ్యారు. సర్వీసులో ఎక్కువ కాలం తిరుమల కొండ మీదికే బస్సు నడిపారు. బీడీ, సిగరెట్టు ఎరగరు. చూడవచ్చిన బంధువులు ‘ఏ అలవాటూ లేదు కదా, ఎలా వచ్చింది’ అని, మేమేదో దాస్తున్నట్టు అడిగేవారు. పొగ తాగనివాళ్లకూ ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని, మన దేశంలో అలాంటివాళ్లు తక్కువేమీ కాదని చెప్పి చెప్పి అమ్మకు విసుగొచ్చింది. చివరికి ‘ఆయన తాగలేదు, బస్సు తాగింది’ అనడం మొదలుపెట్టింది.

ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పు ఉంటే మాత్రలతో చాలాకాలం నెట్టుకురావచ్చన్నారు. నాన్నకు ఆ రెండూ లేవు. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే ఇమ్యూనోథెరపీ పనిచేసే అవకాశం మాత్రం బాగానే ఉందని మరో పరీక్షలో తెలిసింది. దాని ధర విని తమ్ముడు, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. అప్పుడే ఇక్కడి డాక్టరు, చెన్నైలో ఒక ఆసుపత్రిలో జరుగుతున్న క్లినికల్ ట్రయల్ గురించి చెప్పారు. మూడో దశ ప్రయోగం. చేరిన ప్రతి ఒక్కరికీ అప్పటికే ఆమోదం పొందిన ఇమ్యూనోథెరపీ మందు ఇస్తారు. దానికి తోడు సగం మందికి కొత్త మందు, మిగతావాళ్లకు చూడటానికి అలాగే ఉండే ఉత్తుత్తి ద్రవం. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు.

‘మనుషుల మీద ప్రయోగమా?’ అని పెద్దమ్మ గుండెలు బాదుకుంది. తమ్ముడు మాత్రం ఆ ట్రయల్ సీటీఆర్ఐలో, అంటే ట్రయల్స్‌ను నమోదు చేసే జాతీయ రిజిస్ట్రీలో, ఉందో లేదో ఇంటర్నెట్‌లో వెతికి చూసుకున్నాకే సరేనన్నాడు. 2009 నుంచి మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్ ఆ రిజిస్ట్రీలో నమోదు కావలసిందే. నాకు అది ధైర్యాన్నిచ్చింది కానీ, అమ్మకు ధైర్యమిచ్చింది మాత్రం ఈ మందుతో జుట్టు రాలదన్న మాట. నాన్న తలనీలాలు ఇస్తారని అప్పటికే వెంకన్నకు మొక్కుకుని ఉంది.

అంగీకార పత్రం తెలుగులోనే ఇచ్చారు. దాదాపు చిన్న పుస్తకం. సంతకం అక్కడికక్కడే అడగలేదు, ఇంటికి తీసుకువెళ్లి చదవమన్నారు. నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండు రోజులు చదివారు. కారణం చెప్పకుండా ఎప్పుడైనా మానుకోవచ్చు, హాని జరిగితే ఉచితంగా వైద్యం చేయాలి, అనుమానం వస్తే, రోగుల హక్కులు, క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకి నేరుగా ఫోన్ చేయవచ్చు అన్న చోట్ల పెన్సిల్‌తో గీత గీశారు. మళ్లీ చెన్నై వెళ్లినప్పుడు డాక్టరమ్మ మందు సంగతి వివరించారు. రోగాలతో పోరాడే తెల్లకణాలు హద్దు మీరకుండా శరీరంలో సహజంగానే బ్రేకుల్లాంటివి ఉంటాయట. క్యాన్సర్ కణాలు ఆ బ్రేకు తొక్కిపట్టి తప్పించుకుంటాయి, ఈ మందు ఆ బ్రేకును వదిలిస్తుంది. ఈ దారి చూపినందుకే 2018లో జేమ్స్ అలిసన్‌కు, తసుకు హోంజోకు నోబెల్ వచ్చిందని కూడా చెప్పారు. నాన్నకు నోబెల్ పట్టలేదు.

‘బ్రేకు వదిలేస్తే బండి ఎక్కడ ఆగుతుంది మేడమ్?’ అన్నారు.

ఆమె నవ్వి, వెంటనే నవ్వు ఆపేశారు. ‘ఒక్కోసారి ఆగదు సార్. చర్మం, పేగులు, కాలేయం, ఊపిరితిత్తులు, థైరాయిడ్, గుండె, ఎక్కడైనా మీ సొంత శరీరం మీదే పడవచ్చు. అందుకే ఏ చిన్న మార్పు వచ్చినా మాకు ఫోన్ చేయాలి. మామూలుదే అని మీరు అనుకున్నా సరే.’

ఆ ఆఖరి మాట ఎంత ముఖ్యమైనదో మాకు వేసవిలో తెలిసింది.

మొదటి డోసులు బాగానే జరిగాయి. 21 రోజులకొకసారి చెన్నై, రెండు సెలైన్ సీసాలు, రాత్రికి ఇల్లు. భుజం నొప్పి తగ్గింది. ఒంటి మీద దద్దుర్లు, దురద వచ్చాయి కానీ పూతమందుతో పోయాయి. అంతలో మామిడి కాలం వచ్చింది. దామలచెరువు నుంచి మా మేనత్త పండ్ల బుట్ట పంపింది. నాన్నకు మామిడిపండు కనబడితే పత్యం గుర్తుండదు. ఆ వారమే విరేచనాలు మొదలయ్యాయి. మామిడి వేడి చేసిందని ఆయనే తీర్పు చెప్పుకుని, పలుచటి మజ్జిగ తాగుతూ, ఎన్నిసార్లు వెళుతున్నారో ఎవరికీ చెప్పలేదు. ఆయన తరం మగవాళ్లు కూతురితో మాట్లాడే విషయం కాదది. కనిపెట్టింది అమ్మ. ఉదయం ఒకసారి మోటారు వేస్తే మర్నాటిదాకా వచ్చే ట్యాంకు సాయంత్రానికే ఖాళీ అవుతోంది. నీళ్లెటు పోతున్నాయని ఆమె కుళాయిలన్నీ చూసి, చివరికి నాన్నను నిలదీసింది.

అప్పటికే ఆలస్యమైంది. ఆ రాత్రి బాత్రూమ్ నుంచి వస్తూ తలుపు పట్టుకుని జారిపోయారు. జిగట, అందులో నెత్తురు చారలు. ఊళ్లోనే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకువెళ్లాం. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు పొట్ట నొక్కి చూసి, తిన్నవేమిటని అడిగాడు. మామిడిపండ్లు అనగానే ఆయన ముఖం తేలికపడింది. విషాహారం, సెలైన్ పెడతాం, విరేచనాలు కట్టడానికి మాత్ర ఇస్తాం అన్నాడు. నేను ట్రయల్ వాళ్లిచ్చిన కార్డు చూపించాను. జేబులో పట్టేంత కార్డు. ఈ వ్యక్తి ఇమ్యూనోథెరపీ తీసుకుంటున్నారు, ఈ లక్షణాలుంటే ముందు మాతో మాట్లాడండి అని, కింద 24 గంటలూ పలికే నంబరు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి ‘క్యాన్సర్ సంగతి వేరు, ఇది వేరు’ అన్నాడు.

వేరు కాదు. ఈ చికిత్సలో చిక్కంతా ఇక్కడే ఉంది. కీమోతో జుట్టు ఊడితే అది మందు వల్లేనని దారిన పోయేవాళ్లకూ తెలుస్తుంది. ఇమ్యూనోథెరపీ తెచ్చే కష్టం ఊళ్లో అందరికీ వచ్చే జబ్బు వేషంలోనే వస్తుంది. విరేచనాలు తిండి తేడాలాగా, దగ్గు జలుబులాగా, నీరసం ఎండదెబ్బలాగా కనిపిస్తాయి. పేగును సొంత తెల్లకణాలే కొరుకుతున్నప్పుడు విరేచనాలు కట్టే మాత్ర వేస్తే బయటికి కుదుటపడినట్టు ఉంటుంది, లోపల పుండు ముదురుతూనే ఉంటుంది.

నేను వాదించలేదు. కార్డు మీది నంబరుకు డయల్ చేసి ఫోను ఆయన చేతిలో పెట్టాను. అర్ధరాత్రి దాటినా అవతల కో-ఆర్డినేటర్ మొదటి రింగుకే ఎత్తింది, డాక్టరమ్మను లైన్లో కలిపింది. ఆ కుర్రాడు వరండాలోకి వెళ్లి చాలాసేపు మాట్లాడాడు. తిరిగి వచ్చినప్పుడు మాట మారింది. మాత్ర రాసిన చీటీ చించేసి, స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి డోసు తానే ఇచ్చి, సెలైన్ ఆపకుండా చెన్నై పంపే ఏర్పాటు చేశాడు. వెళ్లేముందు కార్డుకు ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఆయన మీద కోపం పెట్టుకోవాలని మా ఆయన ఇప్పటికీ అంటారు. తెలియనిది తెలియదని ఒప్పుకుని ఫోను అందుకున్న డాక్టరు మీద నాకు కోపం రాదు.

అంబులెన్సు పుత్తూరు, నగరి, తిరుత్తణి మీదుగా వెళ్లింది. సగం స్పృహలో ఉండి కూడా నాన్న ‘ఈ అబ్బాయి మలుపులో క్లచ్ మీద కాలు తీయడం లేదు’ అని గొణిగారు. నాకు కాస్త ఊపిరి వచ్చింది.

చెన్నైలో దీని తీవ్రతకు మూడో గ్రేడు అని రాశారు. మామూలు కన్నా రోజుకు ఏడు లేదా అంతకు మించి ఎక్కువసార్లు విరేచనాలైతే ఆ గ్రేడు. ఇలాంటి తీవ్రమైన హాని జరిగితే 24 గంటల్లోగా ఢిల్లీలోని ఔషధ నియంత్రణ అధికారులకు, మందు కంపెనీకి, ఎథిక్స్ కమిటీకి డాక్టరు తెలియజేయాలి. 2019లో వచ్చిన కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల్లో ఉందది. ఆ కాగితాలు చకచకా కదిలాయి. అదే భవనంలో కింది అంతస్తులోని బిల్లింగ్ కౌంటరుకు మాత్రం ఆ నిబంధనలు చేరినట్టు లేవు. ముందు డబ్బు కట్టండి, తర్వాత చూద్దాం అన్నారు. తమ్ముడు బెంగళూరు నుంచి నేరుగా వచ్చి, నాన్న పెన్సిల్ గీత గీసిన పేజీని కౌంటరు మీద పరిచాడు. పై నుంచి ఫోను వచ్చేదాకా కదల్లేదు. కదలనక్కర్లేదు కూడా. చేరేముందు చదివి గీత గీసుకునేది ఇలాంటి పూట కోసమే.

విరేచనాలకు క్రిములు కారణం కాదని తేల్చుకోవడానికి పరీక్షలు చేశారు, గొట్టం వేసి పేగు లోపలి ముక్క తీశారు. స్టెరాయిడ్ నరం ద్వారా ఎక్కిస్తూ మూడు రోజులు చూశారు. తగ్గలేదు. నాన్న బరువు కళ్ల ముందే కరిగిపోయింది. నాకు నిజంగా భయం వేసింది ఆ మూడో రోజే. కొత్త మందు వల్లేనా, పాతదాని వల్లా, ఎవరికి ఏది ఇచ్చారో దాచిన కోడ్ విప్పి చెప్పండని తమ్ముడు పట్టుబట్టాడు. ‘తెలిస్తే వైద్యం మారేట్టయితే ఈ క్షణమే విప్పుతాం. ఏది కారణమైనా చేసే చికిత్స ఇదే’ అన్నారు డాక్టరమ్మ. వాడికి నచ్చలేదు. నాకూ నచ్చలేదు కానీ, అందులో తప్పు పట్టడానికేమీ దొరకలేదు.

తర్వాత ఇన్ఫ్లిక్సిమాబ్ అన్నారు. కీళ్లవాతానికి, పేగుపూతకు వాడే మందే. నిద్రపోతున్న క్షయను అది లేపగలదు కాబట్టి ముందు టీబీకి, హెపటైటిస్ బీకి పరీక్షలు చేశారు. ఆ ఫలితాల కోసం ఎదురుచూసిన పూట గడవలేదు. మందు ఎక్కించాక రెండు రోజులకు తేడా కనిపించింది. ఆ తర్వాత ఒక ఉదయం నర్సు చార్టు మీద రాసుకుంటూ ‘ఈరోజు గట్టిగా వచ్చింది’ అని చెప్పింది. అమ్మ ఆ వార్తను ఊళ్లో అందరికీ ఫోన్ చేసి చెప్పింది, ఎవరికి చెప్పదగిన వార్త అని చూసుకోకుండా.

ఇంటికి వచ్చాక స్టెరాయిడ్ల రాజ్యం. షుగరు ఎన్నడూ లేని మనిషికి ఇన్సులిన్ పట్టింది. నోట్లో తెల్లపూత. రాత్రి రెండింటికి లేచి సంగటి ముద్ద కావాలనేవారు, ఆలస్యమైతే గిన్నె విసిరేవారు. ఇంటిపెద్దగా గొంతు పెంచి ఎరగని మనిషి. అది మందు కోపమని అమ్మకు చెప్పాను. ‘ఎవరి కోపమైనా గిన్నెలు తోమేది నేనే’ అంది. మాత్రలు ఒక్కసారిగా ఆపకూడదు, వారానికింత చొప్పున దించాలి. ఆ ఒక్క విషయం నాన్నకు ఎవరూ నచ్చజెప్పనక్కర్లేకపోయింది. కొండ ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడే డ్రైవరు పనితనం తెలిసేది అని ఆయనే మాకు చెప్పారు. 20 మిల్లీగ్రాములకు వచ్చినప్పుడు విరేచనాలు తిరగబెట్టాయి. మళ్లీ 30కి పెంచి, ఇంకా నెమ్మదిగా దించారు.

మూడో గ్రేడు కాబట్టి ట్రయల్ మందు శాశ్వతంగా ఆపేశారు. మేం ఊపిరి పీల్చుకున్నాం, నాన్న మాత్రం ముఖం మాడ్చుకున్నారు. ‘సర్వీసు మధ్యలో బండి లాగేసుకున్నారు’ అన్నారు. మందు ఆపినా, మేల్కొన్న తెల్లకణాలు పని చేస్తూనే ఉండవచ్చని డాక్టరమ్మ చెప్పినా ఆయన నమ్మలేదు. స్కాన్ తీశాక నమ్మారు. గడ్డల కొలతలన్నీ కలిపి 30 శాతమో అంతకు మించో తగ్గితే పాక్షిక స్పందన అని రాస్తారు. నాన్న ఫైలులో ఆ మాట ఉంది. తర్వాతి స్కాన్‌లోనూ గడ్డ పెరగలేదు. నయమైపోయిందని ఎవరూ అనలేదు, మేమూ అడగలేదు. ఇన్సులిన్ పోయి షుగరు మాత్ర మిగిలింది. ఈ మందుల ప్రభావం ఆపిన నెలల తర్వాత కూడా బయటపడవచ్చు కాబట్టి పన్ను పీకించుకోవడానికి వెళ్లినా కార్డు జేబులో ఉండాల్సిందే. విరేచనాల లెక్క ఇప్పుడు ఆయనే క్యాలెండరు మీద, పాల లెక్క పక్కన రాస్తున్నారు.

మొన్న అమ్మ మొక్కు తీరింది. కొండకు బస్సులోనే వెళ్లాం. నాన్న డ్రైవరు వెనక సీటులో కూర్చుని, పైకి వెళ్లినంతసేపూ ఒక్క మాట కూడా అనలేదు. దిగేటప్పుడు మాత్రం రెండుసార్లు దగ్గారు. డ్రైవరు అద్దంలో చూసి గేరు మార్చాడు.

ట్రయల్ నుంచి పేరు తీసేయలేదు. కొన్ని నెలలకొకసారి కో-ఆర్డినేటర్ ఫోన్ చేసి, కొత్త జబ్బులేమైనా వచ్చాయా, ఇంకేదైనా చికిత్స తీసుకుంటున్నారా అని రాసుకుంటుంది. చివర్లో నాన్న ప్రతిసారీ ఒకటే అడుగుతారు, తనకు ఎక్కించింది అసలు మందా, ఉత్తుత్తిదా అని.

‘మాకూ తెలియదు సార్. అందరి లెక్కలూ పూర్తయ్యాకే విప్పుతారు.’

‘సరే. అయితే మళ్లీ చేయమ్మా’ అంటారు నాన్న.